కూర ఏటని అడగనిది ఒక్కర్నే

మా బడి వంటత్త పోయిందని పోయిన శుక్రవారం పొద్దున్నే పక్కింటావిడ వచ్చి చెప్పింది. నేను మిషన్ మీద జాకెట్టు కుడుతున్నాను. నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు అందరూ. స్నానం చేయించేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

రాజాం దగ్గర మా ఊరి బడిలో ఆవిడ చాలా ఏళ్లు మధ్యాహ్న భోజనం వండింది. నాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. పిల్లలు పిలిచిన పిలుపే ఊరంతటికీ అలవాటైంది. నడుం వంగి బడి మానేశాక కూడా ఊరుకోలేదు. కళ్లాల్లో అడిగి తెచ్చుకున్న చోళ్లు, అదే రాగులు, రేషను బియ్యపు నూక కలిపి రోజూ అంబలి కాచేది. స్టీలు క్యాన్‌లో పోసుకుని, వండుకోలేని ముసలివాళ్ల ఏడు గుమ్మాలూ తిరిగేది.

అప్పుడప్పుడు నేనూ వెంట వెళ్లేదాన్ని. క్యాన్ మోయడానికని పేరు, నిజానికి ఆవిడ కబుర్ల కోసం. ఒకసారి ఒక తాతను "తిన్నావా తాతా?" అని అడిగాను. తిన్నానన్నాడు. బయటికొచ్చాక అత్త నన్ను కసిరింది.

"తిన్నావా అంటే తినీసినాననే సెప్తారే. ఆకలేస్తన్నాదని సెప్పడానికి సిగ్గు. కూర ఏటని అడుగు. అప్పుడు తడుముకుంతారు."

వెనక్కి వెళ్లి అడిగాను. తాత కాసేపు ఇంటి కప్పుకేసి చూశాడు.

"కూరా... ఏటో, మర్సిపోనాను."

అత్త ఆయన గిన్నెలో ఇంకో గరిటె పోసింది.

ఎదుటివాళ్ల ఆకలి అంత బాగా తెలిసిన మనిషి, తన సంగతిలో మమ్మల్ని నిలువునా మోసం చేసింది. సోమవారం శివుడికి, మంగళవారం అమ్మవారికి, ఆపైన గురువారం, శనివారం. వారానికి నాలుగు ఒక్కపొద్దులు. బూరెలు పట్టుకెళ్తే "వద్దే, ఈరోజు ఒక్కపొద్దు" అనేది. ఒక్కపొద్దున్న మనిషిని తినమని బలవంతపెడితే పాపం తగులుతుందని మా వైపు ఆడవాళ్లకు భయం. గిన్నె కొంగు చాటున పెట్టుకుని వచ్చేసేదాన్ని. పైగా ఆ భక్తి కొంచెం నాకూ అబ్బాలని కాళ్లకు దండం కూడా పెట్టేదాన్ని. బుద్ధి గడ్డి తింటే ఇలాగే ఉంటుంది.

ఆ శుక్రవారం స్నానానికి లేపడానికి నలుగురం వెళ్లాం. భుజాల కింద చేతులేసి నేనొక్కదాన్నే ఎత్తేశాను. అంత తేలిగ్గా లేస్తుందనుకోలేదు. ఇన్నాళ్లూ చీర మడతల్లో దాచుకున్నదంతా చేతికి తగిలింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడిగా తెలిశాయి. నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

అరుగు మీద కూర్చున్న ఆ తాత అప్పుడు నోరు విప్పాడు.

"మాకు పోసీసినాక కేను కడిగీసి ఆ నీల్లే తాగీది. అదేటి అంటే, ఒక్కపొద్దు బావా అనీది. నాను రోజూ సూసినాను. సెప్తే నా అంబలి ఆగిపోద్దేమోనని ఎవులికీ సెప్పనేదు."

ఆయన్ని ఏమనగలం? అడగాల్సింది నేను. ఎలా అడగాలో కూడా ఆవిడే నేర్పింది. ఊళ్లో ముసలివాళ్లందరినీ అడిగి, ఆవిడను మాత్రం ఒక్కనాడూ కూర ఏటని అడగలేదు.

అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. ఏ ముసలమ్మ నవ్వుతూ ఎదురొచ్చినా కళ్లు మెడ ఎముకల మీదికి పోతున్నాయి. ఉపవాసం అన్న మాట వినపడితే మిషన్ ఆపి వింటున్నాను.

నేను భయపడుతూ కూర్చుంటే ఏడుగురూ పస్తుంటారు. అందుకని నాలుగు రోజులుగా అంబలి నేనే కాస్తున్నాను. ముందు ఇంట్లో ఒక గ్లాసు తాగి మరీ బయలుదేరుతున్నాను. ఒకరోజు పలచనవుతుంది, ఒకరోజు ఉండలు కడుతుంది. ఎవరూ వంక పెట్టరు. నాకు దానికీ భయంగానే ఉంది.

ఈ ఉదయం ఏడో గుమ్మంలో చివరి గరిటె పోసేసి తిరిగి వస్తున్నాను. సందు చివర ఒక ఇల్లుంది, ఎప్పుడూ తలుపు వేసే ఉంటుంది. అక్కడ ఎవరో ఉన్నారని వంటత్తకూ తెలిసినట్టు లేదు. నా అడుగుల చప్పుడుకి ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. మనిషి కనిపించలేదు. ముడతలు పడిన చెయ్యి ఒకటి బయటికి వచ్చి, గడప ఇవతల ఒక ఖాళీ గ్లాసు పెట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. అప్పుడే కడిగిన గ్లాసు. దాని చుట్టూ నేల ఇంకా తడిగా ఉంది.