అమ్మతో చెప్పించిన మాట

కంది కోతల రోజులు. కోస్గి దగ్గర మా ఊళ్లో ఒక పెద్ద రైతు చేనుకు అమ్మ కూలికి పోయింది. మధ్యాహ్నం దాహమై, రైతు ఇంటివాళ్లెవరైనా నీళ్లు పోస్తారేమోనని కాసేపు చూసి, చివరికి గట్టు మీది వాళ్ల బిందెలో తనే చెంబు ముంచుకొని తాగింది. రైతు వచ్చి చెప్పు తీసి చెంప మీద కొట్టాడు. కులం పేరుకు ఒక బూతు తగిలించి తిట్టాడు. బిందెలో మిగిలిన నీళ్లు పారబోయించాడు. తోటి కూలీలు పదకొండు మంది కొడవళ్లు పట్టుకొని చూస్తూ నిలబడ్డారు. అమ్మ పొద్దుగూకేదాకా కంది కోసే ఇంటికొచ్చింది.

తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయింది అప్పటికి. నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. శనివారం ఇంటికి వచ్చి, ఆ చెంపకేమైందని అడిగాను.

"కందికట్టె తగిలింది బిడ్డా" అంది అమ్మ.

జరిగింది పక్కింటామె చెప్పింది. నాకు చట్టం తెలుసన్న పొగరు ఉండేది. కేసు పెడదామన్నాను.

"మనం బతికేది ఆల్ల చేన్లల్లనే" అన్నాడు బాపు. నేను వినలేదు.

ఠాణాలో రైటర్ కాగితం ముందేసుకొని అడిగాడు. "ఏమని తిట్టిండు?"

"కులం పేరు వెట్టి తిట్టిండు సారూ."

"గట్ల రాస్తే కేసు నిలవదు. ఆయన ఏం మాటన్నడో గదే మాట చెప్పు."

అమ్మ నా వైపు చూసింది. కన్నకూతురి ముందు ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. "చెప్పమ్మా" అన్నాను. చెప్పింది.

"ఇనవడలే. జర గట్టిగ."

మళ్లీ చెప్పింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మగవాళ్లు తల తిప్పి చూశారు. ఒకడు నవ్వాడు.

తర్వాత కులం సర్టిఫికెట్ కావాలన్నారు. ఊరు ఒక్క రోజు కూడా మరిచిపోని మా కులాన్ని రుజువు చేయడానికి తహసీల్ ఆఫీసు చుట్టూ పది రోజులు తిరిగాం. ఈలోగా ఆ రైతు, అమ్మ కందులు దొంగిలించిందని ఫిర్యాదు ఇచ్చాడు. అది రాసుకోవడానికి ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.

విచారణకు వచ్చిన పెద్ద పోలీసు అధికారి అమ్మను ఆ గట్టు మీదే నిలబెట్టి, రైతు వింటుండగా ఆ మాట మళ్లీ చెప్పించాడు. కూలీలను అడిగితే, "మేం దూరంగున్నం సారూ, ఏం ఇనలే" అన్నారు. అందరూ మా వాడవాళ్లే. అందులో ఒకామె ఆ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి, "మాకు గా చేనే దిక్కు గదనే" అని ఏడ్చింది. అమ్మ ఆమెకు మంచినీళ్లిచ్చి పంపింది.

నాలుగేళ్లకు కోర్టు నుంచి పిలుపొచ్చింది. రైతు తరఫు వకీలు, "పోలీసులకు చెప్పినప్పుడు ముందు బూతు, తర్వాత కులం పేరు. ఇప్పుడేమో ముందు కులం పేరు. ఏది నిజం?" అన్నాడు.

"రెండూ నాకే తగిలినయి సారూ."

కేసు కొట్టేశారు. ఊళ్లో అమ్మను, బాపును పనికి పిలవడం ఎప్పుడో మానేశారు. ఆటోలో పక్క మండలానికి పత్తి ఏరడానికి పోయేవారు.

హైదరాబాద్‌లో పీజీ చదివేటప్పుడు ఒక పాఠం విన్నాను. ఇంకేదో దేశంలో, దెబ్బతిన్న మనిషి తన పుట్టుకను చూసే తనను కొట్టారని చెబితే, పోలీసులు ముందు అలాగే రాసుకుంటారట. నిజమా కాదా అన్నది తర్వాత తేలుస్తారట. సెలవులకు వచ్చినప్పుడు అమ్మకు చెప్పాను.

"గా మాట నోటితోని అనమని అడగరా ఆడ?"

నాకు తెలియదన్నాను.

"ఇగ నా ముంగట గా ముచ్చట ఎత్తకు" అంది.

పోయినేడు పత్తి చేను నుంచి అమ్మ మణికట్టు వాచి వచ్చింది. జారి పడ్డానంది. ఆటో దిగిన మిగతా ఆడవాళ్లు నా ముఖం చూడకుండా వెళ్లిపోయారు. నేను నూనె వేడి చేసి రాశాను. ఏం జరిగిందని అడగలేదు.