తొమ్మిదో బొమ్మ

నా ఉద్యోగంలో చివరి బదిలీ దివిసీమకు. పదవీ విరమణకు రెండేళ్లుందనగా, వరి కోతలైన నెలలో, కరకట్టకు దగ్గరలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా చేరాను. డాక్టరుగారు వైద్యం చేస్తారు, ఏఎన్‌ఎం సూదులు వేస్తుంది, నేను జనానికి చెప్పాలి. చెప్పడమే నా ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నానన్న గర్వం కూడా కొంచెం ఉండేది.

ఆ ఏడు కరకట్ట కింది ఇటుక బట్టీకి ఒడిశా నుంచి ఇరవై కుటుంబాలు వచ్చాయి. ఆడవాళ్లలో నలుగురు గర్భిణులు. వాళ్లకు తెలుగు రాదు, ఏ భాషా చదవలేరు. మా శాఖ పోస్టర్లేమో అక్షరాల పుట్టలు. మేస్త్రీకి రెండు భాషలూ వచ్చు గానీ, మగవాడి ఎదుట ఒంటి సంగతులు మాట్లాడడానికి వాళ్లు ఒప్పుకోరు. అందుకని మాటల్లేని బొమ్మల కథ వేద్దామనుకున్నాను. మా పుట్టిల్లు పెడన, ఇంట్లో కలంకారీ అచ్చులకు నమూనాలు గీసే పని. గీత గీయడం నాకు అన్నంతోపాటే వచ్చింది. పాత క్యాలెండర్ల వెనకవైపు ఎనిమిది బొమ్మలు వేశాను. కాళ్ల వాపు, తలపోటు, బీపీ చూస్తున్న ఏఎన్‌ఎం, అంబులెన్సు, ఆసుపత్రి మంచం, ఇలా సాగి, ఎనిమిదో దాంట్లో ఆ మంచం మీదే బిడ్డతో నవ్వుతున్న తల్లి.

ఇలాంటివి తయారుచేసినప్పుడు ముందుగా నలుగురికి చూపించి, ఏం అర్థమైందో వాళ్లచేతే చెప్పించుకోవాలి. ప్రీటెస్టింగ్ అంటాం. కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేదాన్ని నేనే. బొమ్మలు బాగా కుదిరాయన్న మురిపెంలో ఈసారి ఆ పని ఎగ్గొట్టాను. చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇదే. బట్టీ ఆఫీసు గోడకు వరసగా అంటించాను. ఆడవాళ్లంతా శ్రద్ధగా చూసి తలలూపారు. నేను పొంగిపోయాను.

పదిరోజుల తర్వాత జమున అనే అమ్మాయికి, ఎనిమిదో నెలలో, బీపీ నూట అరవై దాటింది. కాళ్లు పొంగాయి. అలాగే వదిలేస్తే గుర్రపువాతం, అంటే ఫిట్స్, వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. డాక్టరుగారు వెంటనే బందరు పెద్దాసుపత్రికి రిఫరల్ చీటీ రాశారు. అంబులెన్సు వచ్చి నిలబడింది. జమున ఎక్కనంది. నాలుగేళ్ల కూతుర్ని గట్టిగా పట్టుకుని గుడిసె మూల కూర్చుంది. భర్త గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రీ ఆ వేళ ఊళ్లో లేడు. బతిమాలాను, ఆపైన కోప్పడ్డాను. కోప్పడినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చివరికి ఆమె లేచి నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఎనిమిదో బొమ్మ మీద వేలు పెట్టింది. ఆ వేలినే తన గుడిసె వైపు, పిల్ల వైపు తిప్పి, ఖాళీ చేతులు చూపించింది. నా బుర్రకెక్కలేదు. నాలుగు తెలుగు ముక్కలు వచ్చిన ఒక పెద్దావిడ ముందుకొచ్చింది.

“పోయినేడు ఒకామె బండి ఎక్కింది. బిడ్డతో వచ్చింది. మేం లేదు. గుడిసె లేదు.”

ఒకచోట పని ఆగితే జట్టునంతా ఇంకో బట్టీకి తరలిస్తారు. ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పేవాళ్లుండరు. నా కథేమో మంచం మీదే అయిపోయింది. జమున దాన్ని సరిగ్గానే చదివింది. నా బొమ్మల్లో బండెక్కినామెకు చివరికి పెద్దపిల్లా లేదు, ఇల్లూ లేదు.

మార్కరు తీసి అంబులెన్సు కిటికీలో ఆమె కూతుర్ని గీశాను. తొమ్మిదో కాగితం మీద ఆమె గుడిసె, కుండ, తిరిగొస్తున్న బండి వేసి ఆగాను. తిరిగొచ్చేసరికి గుడిసె ఉంటుందన్న మాట ఇవ్వడం నా ఒక్కదాని చేతిలో లేదు. బట్టీ యజమాని రాంబాబుగారిని పిలిచి విషయం చెప్పాను. ఆమె తిరిగి వచ్చేదాకా గుడిసె తీయననీ, భర్తను ఎక్కడికీ పంపననీ ఒప్పుకున్నారు. ఆయన నోటిమాట జమునకు అర్థం కాదు కనక, భుజం మీద తువ్వాలుతో ఆయన్నీ ఆ బొమ్మలో గుడిసె పక్కన నిలబెట్టాను. పొట్ట కొంచెం ఉదారంగానే వేశాను. ఆడవాళ్లు నవ్వారు. జమున నవ్వలేదు. బొమ్మనూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, కూతుర్ని తీసుకుని బండెక్కింది. తోడుగా ఆ పెద్దావిడ వెళ్లింది.

పన్నెండో రోజున డిశ్చార్జి చేశారు. ఆడపిల్ల, బరువు తక్కువ, ప్రాణం గట్టిది. ఈలోపు అకాల వర్షాలకు పచ్చి ఇటుకంతా కరిగిపోయింది. జట్టును గుడివాడ దగ్గరి బట్టీకి తరలించారని ఆ ఉదయమే నాకు తెలిసింది. బందరు వెళ్లి, తిరుగు ప్రయాణంలో నేనూ వాళ్లతోపాటు బండిలో కూర్చున్నాను. జమున ముఖం చూడడానికి ధైర్యం చాల్లేదు.

కరకట్ట దిగేసరికి గుడిసెలన్నీ పీకేసి ఉన్నాయి. ఒక్కటి మిగిలింది. దాని ముందు జమున భర్త, పక్కన రాంబాబుగారు. నేను రాంబాబుగారికి చేతులు జోడించాను.

“బొమ్మలో నన్ను నిలబెట్టేసి వెళ్లారు కదండీ మేడంగారూ. ఇంకెలా కదుల్తానండీ?” అన్నారాయన.

జమున లోపలికి వెళ్లి తన చాప పరిచి బిడ్డను పడుకోబెట్టింది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు వాళ్లంతా గుడివాడ వెళ్లారు. అక్కడి ఏఎన్‌ఎంకు నేను ముందే ఫోన్ చేసి పెట్టాను.

మా రిజిస్టరులో కేసు ప్రసవంతో ముగుస్తుంది. నేనూ కథను అక్కడే ముగించాను. వలస వచ్చిన మనిషికి వెళ్లే దారికంటే తిరిగొచ్చే దారి ముందు కనపడాలి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కథ ఎక్కడ ముగియాలో ఆ బండి ఎక్కాల్సినవాళ్లనే అడిగి, ఆ చివరి బొమ్మ వేశాకే మొదటి బొమ్మ మొదలుపెట్టాను.