శుక్రవారం తిన్న మామిడిపండు

ఏడో తరగతిలో నేను చదువు మానేశాను. అది మాత్రం నన్ను రెండో తరగతిలోనే మానేసింది. అయినా మొన్న తిరువూరు బస్టాండులో రసాల వాసన తగలగానే, చిన్నప్పటి శుక్రవారం ఒకటి పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

అమ్మకి మెదడువాపు జ్వరం వచ్చి, విజయవాడ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉంది. పేటలో ఆడవాళ్లు కూలి మానుకుని, వంతులేసుకుని వెళ్లి అమ్మ దగ్గర కూర్చునేవారు. ఆ శుక్రవారం అందరూ అమ్మ కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. నేనూ ఉంటానని పాస్టరమ్మగారి ముందు గొప్పలు పోయాను. మధ్యాహ్నానికల్లా ఆకలికి ఆగలేక, గడ్డిలో మాగేసిన రసాలు రెండు జుర్రేశాను.

సాయంత్రం చాపల మీద అందరూ ఏడుస్తూ ప్రార్థిస్తుంటే, నా వేళ్లు ఇంకా మామిడి వాసనే. నా వల్లే అమ్మ చచ్చిపోతుందనుకుని చేతులు చంకల్లో దాచుకున్నాను.

ఆదివారం అమ్మ కళ్లు తెరిచిందని కబురొచ్చింది. అయినా నా భయం తీరలేదు. పాస్టరమ్మగారి దగ్గరికి పరిగెత్తి అంతా చెప్పేశాను.

"మరి నేను తినేశాను కదండీ, దేవుడెలా విన్నాడు?"

ఆవిడ నా ముక్కు చీది, కొంగుతో తుడిచింది.

"నువ్వు ఆగలేవని తెలుసురా. అందుకే నీ వంతుకి శనివారం కూడా నేనే ఉపవాసం ఉన్నా."