అమ్మ పక్కన పెట్టిన మూడు ఆకులు

అరవైల్లో మిర్యాలగూడలో నేను చదువుకున్న బడిలో ప్రకృతి పాఠం అని ఒకటి ఉండేది. అందులో ప్రకృతి మగపిల్లలకు, పాఠం మాకు. వాళ్లు సారు వెంట చెరువు గట్టు మీదికి వెళ్లి చెట్టూ చేమా చూసొస్తే, ఆడపిల్లలం ఐదుగురం గదిలో కూర్చుని బోర్డు మీది మందార పువ్వును గీసుకోవాలి. వేములపల్లిలో గొర్ల వెంట తిరిగి పెరిగిన నన్ను ఆకు బొమ్మ ముందు కూర్చోబెడితే ఒళ్లు మండేది.

సారుది కోదాడ వైపు, మెత్తని మనిషి. మా కోసం పెద్దసారును అడిగారు.

"ఆడపిల్లలు చేన్ల పొంటి తిరుగుడేంది? వాళ్లకేం తెలుస్తది?" అన్నారు పెద్దసారు.

"ఇరవై రకాల ఆకులు పేర్లతో సహా తెస్తే పంపిస్తారాండి?"

"శనివారం దాకా టైము. తెమ్మను సూద్దాం."

ఆ పని నా మీద పడింది. ఇరవై ఆకులు ఏరుకొచ్చి, పాత కాగితాల మధ్య పరిచి, ఇనప పెట్టె కింద పెట్టాను. శనివారం పొద్దున తీస్తే మూడే ఉన్నాయి.

అమ్మను అడిగితే మురిసిపోయింది. "బడికి పోయి గొర్లను మర్శినవనుకున్న బిడ్డా! ఈనిన గొర్రెకు కాయితాలల్ల దాశి మరీ మేత తెచ్చినవ్. కరకర నమిలింది."

నాకు ఏడుపొచ్చింది. మిగతా నలుగురికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? వేములపల్లి నుంచి బడికి వచ్చే బస్సులో దారి పొడుగునా గొర్రెను తిట్టుకున్నాను. అమ్మను తిట్టే ధైర్యం లేదు.

పెద్దసారు క్లాసు ముందే ఆ మూడు ఆకులూ తిప్పి చూశారు. "ఇరవై అంటివి గదా?"

"గొర్రె తిన్నది సార్."

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "మరి గివెందుకు తినలే? కడుపు నిండిందా?"

నాకు కోపం నషాళానికి అంటింది. "గవి పెడితే సస్తది సార్! గిది గన్నేరు, గిది ఉమ్మెత్త, గిది ఆముదం. మా అమ్మ ఏరి పక్కన పెట్టింది."

అంతటితో ఆగలేదు. గొర్రె తిన్న పదిహేడూ వరసపెట్టి చెప్పాను. ఏది తింటే పాలు పడతాయో, ఏది తింటే పొట్ట ఉబ్బుతుందో కూడా చెప్పాను.

పెద్దసారు నవ్వు ఆగిపోయింది. వాళ్లింటి మేక పాలు తగ్గి ఆయన వారం నుంచి పరేషాన్‌లో ఉన్నారని బడి మొత్తానికి తెలుసు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"పాలు పడే ఆకు ఏదంటివి?"

"సూపిస్త సార్. గాని అది చెరువు గట్టు మీదనే ఉంటది."

సోమవారం ఐదుగురమూ గట్టెక్కాం. మా వెనక పెద్దసారు, ఆయన వెనక మేక.

ఆ ఏడు రికార్డు పుస్తకాల్లో పేరు, ఆకారం, ఉపయోగం అనే గడుల పక్కన సారు ఇంకో గడి గీయించారు: గొర్రె తింటదా? అది నింపుకోవడానికి మగపిల్లలు మా బెంచీ దగ్గర వరుస కట్టేవాళ్లు. నాకు తెలియని ఆకు వస్తే బింకంగా "రేపు చెప్తా" అని, సాయంత్రం ఇంటికెళ్లి అమ్మను అడిగేదాన్ని.