మానేసినారా, తీసేసినారా

ఉద్యోగం పోయి రెండు నెలలైనా సంజీవరావు ఏడు గంటలకల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలోకి వస్తాడు. అల్లూరు దగ్గర రొయ్యల కంపెనీలో పదహారేళ్లు ఐసు గదిలో పనిచేసిన మనిషి. వేళ్ల కొసలు ఇప్పటికీ పాలిపోయి, ముడతలు పడి ఉంటాయి. ఎవరైనా పలకరిస్తే ఆ చేతులు వెనక్కి కట్టుకుని, "నేనే మానేసినానయ్యా, చలి పడటంలే" అంటాడు. భార్య సామ్రాజ్యంతోనూ అదే మాట.

నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టడానికి నెల్లూరు ఈఎస్ఐ ఆఫీసుకు వెళ్లిన రోజు కూడా నోటికి ఆ మాటే వచ్చింది. "మానేసినారా, తీసేసినారా?" అని కిటికీ వెనక అమ్మాయి అడిగితే, "నేనే మానేసినానమ్మా" అన్నాడు. ఆమె రాయబోతూ, అతనిచ్చిన కంపెనీ కాగితం చూసి పెన్ను పక్కన పెట్టింది. "పనిలేక తీసేసినామని ఇందులో ఉంది కదన్నా. మీ అంతట మీరే మానేసుంటే ఈ డబ్బు రాదు. మళ్లీ అడగతాను, నిదానంగా చెప్పండి." వెనక వరసలో ఊరివాళ్లున్నారు. సంజీవరావు రెండు చేతులూ కిటికీ చెక్క మీద ఆనించి, "తీసేసినారమ్మా" అన్నాడు, అందరికీ వినబడేలా. "అందులో మీ తప్పేం లేదులేన్నా" అంటూ ఆమె రాసుకుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, తీసేసినారన్న మాటే భార్యతోనూ చెప్పాడు. "నాకు మొదట్నించీ తెలుసులే, కూర్చో" అంటూ ఆమె అన్నం వడ్డించింది. అతను కంచం ముందు కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఆఫీసులో ఆ బిడ్డ పేరు అడగడం మరిచిపోయినాను. నీకు తెలుసుగదా, చల్లగా చూడు."