ఆమేన్ చెప్పని ప్రార్థన

నా చిన్నప్పుడు మా నాచారంలో ఆడవాళ్ళ జబ్బులన్నిటికీ ఒకటే పేరుండేది: చెప్పుకోలేని మనవి. శుక్రవారం మధ్యాహ్నం మా చర్చి స్త్రీల కూడికలో పాటలయ్యాక, ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో ఒక్కొక్కరే చెప్పేవాళ్ళు. కొడుకు పరీక్ష, మగని తాగుడు, ఊళ్ళో పొలం తగాదా, అన్నీ ఏ దాపరికం లేకుండా బయటికి వచ్చేవి. ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాదొక చెప్పుకోలేని మనవి ఉన్నది పాస్టరమ్మా" అనేవాళ్ళు. పాస్టరమ్మ తలూపేది. దేవుడికి తెలుసులే అన్నట్టు మిగతావాళ్ళూ తలూపేవాళ్ళు. దేవుడికి తెలుస్తుంది సరే, డాక్టరుకెట్లా తెలుస్తుందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నేనప్పుడు అయిదో తరగతి. కూడికకు పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు గానీ, మా పెద్దమ్మ ఎక్కడికి పోతే అక్కడికి తోకలాగా వెళ్ళే నన్ను ఆపే ధైర్యం ఎవరికీ లేదు. మా అమ్మ బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది, పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. నన్ను పెంచింది మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మే. ఘట్‌కేసర్ అవతల పల్లెలో మగడు పోయాక మా దగ్గరికి వచ్చి, రైలు పట్టాల పక్కనున్న మా రేకుల ఇంటిని తన చేతుల్లోకి తీసుకుంది. ఆమె మాటంటే మాటే. ఆదివారం బడికి పోయే ముందు నన్ను గోడ దగ్గర నిలబెట్టి, చేతులు కట్టించి, బైబిలు కంఠత వాక్యం అప్పజెప్పించుకునేది. ఒక్క అక్షరం పోయినా మళ్ళీ మొదటి నుంచే. ఆమెకు చదువు రాదు. నేను వల్లె వేస్తుంటే విని విని, నాకంటే ముందు ఆమెకే వచ్చేసేది.

ఆ ఎండాకాలంలో పెద్దమ్మ ఎందుకో మారిపోయింది. అందరికంటే ముందే లేచి ఏవో గుడ్డలు ఉతికి, వాటిని చీర కింద దాచి ఆరేసేది. పొద్దున్నే సబ్జా గింజల నీళ్ళు తాగేది. నీళ్ళ బిందె గుమ్మంలో దించి, గోడ పట్టుకుని కాసేపు నిలబడిపోయేది. బిందెను చంకనెత్తుకుని పాట పాడుతూ వచ్చే మనిషి అట్లా గోడ పట్టుకుంటే నేను ఆట వదిలి ఆమె దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఏమైందని అడిగితే, "ఏం గాలే బిడ్డా, జర వేడి జేసింది" అనేది.

మా ఇళ్ళల్లో వేడి అనే మాట చేయని పని లేదు. నోరు పూస్తే వేడి, కళ్ళు మండితే వేడి, మొటిమ లేస్తే వేడి. మజ్జిగ తాగితే పోతుంది, లేదా సబ్జా తాగితే పోతుంది. పైగా మాది రేకుల ఇల్లు, ఎండాకాలంలో వేడి చేయని మనిషే లేదు. అందుకని మా అమ్మ కూడా పట్టించుకోలేదు. పంపు దగ్గర పక్కింటావిడకు మాత్రం పెద్దమ్మ అసలు సంగతి చెప్పినట్టుంది. ఆవిడ పకపకా నవ్వింది. "ఆగిపోయినయి మళ్ళ అచ్చినయంటే నీకింక వయసున్నట్టే గదక్కా!" అంది. పెద్దమ్మ కూడా నవ్వింది, అదేదో మెప్పు అయినట్టు. ఏది ఆగిందో, ఏది మళ్ళీ వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ నవ్వు ఎంత ప్రమాదమైనదో ఆ ఇద్దరికీ కూడా అర్థం కాలేదు.

ఇక మా పాస్టరమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పాట మధ్యలో ఉన్నట్టుండి ముఖమంతా ఎర్రబడి, పాటల పుస్తకంతో విసురుకునేది. రవిక వీపంతా తడిసిపోయేది. ఒక శుక్రవారం ఆమె పాటలు తొందరగా ముగించి, మనవుల దగ్గరికి వచ్చేసరికి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల చెప్పుకోలేని మనవులు నేను తీసుకోను. ఏడ నొస్తున్నదో చెప్పకపోతే నేనేమని అడగాలె? అందరు కండ్లు మూసుకోన్రి. ఎవలు జెప్పిన్రో ఎవలు సూడొద్దు. ముందుగాల నేనే జెప్త."

అందరూ కొంగులు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. పాస్టరమ్మ అదే గొంతుతో, దాచుకోకుండా, ముట్లు ఆగే వయసు తనకు వచ్చిందని దేవుడితో చెప్పింది. మెడ దగ్గర మంట లేచి తలకెక్కుతుందట. మగడు, అదే మా పాస్టరయ్యగారు, ఒక్క మాటంటే చాలు, ఏడుపు వస్తుందట. "నాకు పిచ్చి లేస్తున్నదేమోనని భయమైతున్నది ప్రభువా" అంది. ఆ గదిలో ముట్లు అనే మాట గట్టిగా వినబడటం అదే మొదటిసారి.

తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. చాలా ఏళ్ళ కిందట గర్భసంచి తీసేశారని, అప్పటికి తన చిన్న పిల్ల ఇంకా బడికే పోవడం లేదని, ఆ రోజు నుంచి నిద్ర లేదని, మోకాళ్ళు ముసలిదాని మోకాళ్ళయ్యాయని ఒకామె చెప్పింది. ఇంకొకామె, మగడు దగ్గరికి వస్తే నొప్పికి భయమవుతోందని, చెబితే ఇంట్లో గొడవ అవుతుందని చాలా మెల్లగా అంది. రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే గుంటూరు ఆంటీ, "నాకైతే అసలేమీ తెలీలేదండీ, ఆగిపోయాయి అంతే, ప్రాణానికి హాయిగా ఉంది. మీరంతా ఇంత పడుతున్నారని ఇప్పుడే వింటున్నా" అంది. కళ్ళు మూసుకునే ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరి గొంతు ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. అయినా చూడటం లేదనే ఆ నాటకం వాళ్ళకు సరిపోయింది.

నేను మాత్రం కళ్ళు తెరిచాను. ప్రార్థనలో కళ్ళు తెరవని పిల్లలు ఉంటారా? అంతమంది ఆడవాళ్ళ ముఖాలు అట్లా కళ్ళు మూసుకుని, అడ్డేమీ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మెల్లగా మాట్లాడిన ఆమె వెనకాల ఇంకొకామె ఎవరికీ తెలియకుండా తలూపుతోంది. మా పెద్దమ్మ పెదవులు బిగబట్టి, కొంగు చివరను పిడికిట్లో నలుపుతోంది. అప్పుడు పాస్టరమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి! నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టి, మళ్ళీ మా పెద్దమ్మ పిడికిలి వైపే చూసింది.

"కండ్లు తెరవకున్రి. ఇంకొకరున్నరు" అంది.

పట్టాల మీద ఒక రైలు పోయింది. రైలు చప్పుడు తగ్గాక, నాకు వాక్యాలు నేర్పిన గొంతు, నాకు తెలియని గొంతులాగా వినబడింది. "నాకు ఆగి మస్తు రోజులైంది. మళ్ళ కనవడుతున్నది. తగ్గుతలేదు."

పాస్టరమ్మ అందరి కోసం ప్రార్థించింది. మంటలున్నవాళ్ళ కోసం, నిద్ర లేనివాళ్ళ కోసం, హాయిగా ఉన్నామె కోసం కూడా. ఆఖరున మా పెద్దమ్మ కోసం ప్రార్థించి ఆగిపోయింది. ఆమేన్ అనడానికి అందరూ ఊపిరి తీసుకున్నారు. ఆమె అనలేదు. "గిది మూసే ప్రార్థన గాదు. లేడీ డాక్టర్ సూసినంకనే దీనికి ఆమేన్. మీరు గూడ పోన్రి. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కొక్క తీరు, సబ్జా నీళ్ళు అందరికి మందు గాదు" అని పుస్తకం మూసేసింది.

ఆ మాటతో మా ఇంట్లో నిప్పు రాజుకుంది. దారి పొడుగునా పెద్దమ్మ సణుగుతూనే ఉంది. "ప్రార్థన గట్ల నడిమిట్ల ఇడిసిపెడ్తరా ఏడనన్న? తలుపు తెరిచి పండుకున్నట్టు!" తన రోగం కంటే ఆ లేని ఆమేన్ ఆమెను ఎక్కువ బాధ పెట్టింది. రాత్రి అన్నం ముందు చేసే చిన్న ప్రార్థనలో కూడా ఆ మాట దగ్గర తడబడింది. విషయం తెలిసి మా అమ్మ ఏడిస్తే, "నువ్వు ఊకో, నేను పోతగదా" అని కసిరింది.

సోమవారం నన్ను వెంటబెట్టుకుని మా గల్లీ చివరి డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన ఏమైందమ్మా అని అడిగాడు. పెద్దమ్మ తల వంచుకుని, "వేడి జేసింది సార్, నీరసమైతున్నది" అంది. ఆయన నాడి చూసి, జ్వరం బిళ్ళలూ ఒక టానిక్కూ రాసిచ్చాడు. చెప్పినదానికి ఇచ్చాడు, ఆయననేమని అంటాం? పెద్దమ్మ ఇంటికి కూడా రాకుండా తిన్నగా పాస్టరమ్మ గుమ్మంలోకి వెళ్ళి మందుల పొట్లం చూపించింది.

"పోయచ్చిన. ఇగ జెప్పు ఆమేన్."

"ఏం జెప్పినవ్ ఆయనకు?"

"వేడి జేసిందన్న."

పాస్టరమ్మ ఆ పొట్లాన్ని ముట్టుకోలేదు. "గట్లయితే దవాఖానకు వేడి పోయచ్చింది. నువ్వు పోలే" అంది.

పెద్దమ్మ అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చింది. ఆ మాట నోటికి రాదని, మొగాయన ముందు అసలే రాదని, ఆడడాక్టరైనా కొత్త మనిషేనని అంది. పాస్టరమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. తనకు కూడా మొన్నటిదాకా రాలేదని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడతో చెప్పి చెప్పి అలవాటు చేసుకున్నానని చెప్పింది. తర్వాత నన్ను పిలిచింది. "నీకు వాక్యం నేర్పింది ఈమెనే గదా? ఇప్పుడు నువ్వు అప్పజెప్పించుకో" అని ఒక వాక్యం తయారు చేసి ఇచ్చింది.

ఆ వారమంతా మా ఇంట్లో లోకం తలకిందులైంది. నేను పీట మీద కూర్చునేదాన్ని. పెద్దమ్మ గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది. "నాకు ముట్లు ఆగి చానా రోజులైంది. ఇప్పుడు మళ్ళ రక్తం పోతున్నది. ఎందుకో సూడున్రి." మొదట్లో ముట్లు దగ్గర మింగేసేది, రక్తం దగ్గర దగ్గేది. నేను వదల్లేదు. ఆమె పెంచిన పిల్లనే కదా, మళ్ళీ మొదటి నుంచి అనేదాన్ని. ఒకసారి నవ్వు ఆపుకోలేక ఇద్దరం పీట మీదే కూలబడ్డాం. వారం చివరికి ఆ వాక్యం ఆమె నోట్లో నానిపోయింది.

బస్సు పట్టుకుని పట్నంలో పెద్ద దవాఖానాకు పోయాం. పెద్ద వరుస. మా వంతు వచ్చేసరికి లేడీ డాక్టరు తల ఎత్తకుండానే ఏంటమ్మా అంది. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను నోరు కదిలించలేదు, పరీక్షలో అందించకూడదని నేర్పింది ఆమే. అప్పుడు పెద్దమ్మ ఆ గదిలో, అంతమంది ముందు, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి వాక్యమంతా అప్పజెప్పింది. ఒక్క అక్షరం పోలేదు. డాక్టరు కలం కింద పెట్టి ఆమె ముఖం చూసింది. కుర్చీ లాగి కూర్చోమంది.

పరీక్షలు చేశాక, గర్భసంచి లోపలి పొర చెడిపోవడం మొదలైందని, ఇంకా లోపలికి పాకలేదని, సంచి తీసేయాలని చెప్పారు. "ఆగినాక మళ్ళీ కనబడిందంటే, చుక్క అయినా సరే, రావాలమ్మా. చాలామందికి భయపడాల్సిందేమీ ఉండదు. కానీ చూడకుండా ఆ మాట మేమూ చెప్పలేం, మీరూ చెప్పుకోకూడదు" అంది డాక్టరు. ఆపరేషన్ అయింది. కూడిక ఆడవాళ్ళు వంతులేసుకుని అన్నం పట్టుకొచ్చారు. వాళ్ళలో నిద్ర లేనామె, మంటలున్న పాస్టరమ్మ కూడా అదే డాక్టరుకు చూపించుకుని, ఎవరి మందు వాళ్ళు తెచ్చుకున్నారు. మెల్లగా మాట్లాడినామె మాత్రం చాలా కాలం పోలేదు. చివరికి ఆమెను మా పెద్దమ్మే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

కుట్లు మానాక వచ్చిన శుక్రవారం, పాస్టరమ్మ ఆ ప్రార్థనను ఆపిన దగ్గర ఎత్తుకుంది. ఆ రోజు నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. అయినా అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఎవరో తెలుసుకోవడానికి నాకు కళ్ళు అక్కరలేదు. ఆ తర్వాత మా పెద్దమ్మ నా పెళ్ళి చేసింది, నా పిల్లలకు కూడా గోడ దగ్గర వాక్యాలు నేర్పి మరీ వెళ్ళిపోయింది. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు గర్వం వస్తుంది, తర్వాతే దుఃఖం.

ఇప్పుడు నేను ఉప్పల్లో ఉంటున్నాను, మెట్రో మా కిటికీ ముందు నుంచే పోతుంది. నాకు మంటలు మొదలైనప్పుడు హబ్సిగూడలో నా కూతురి వయసున్న డాక్టరమ్మ ముందు కూర్చుని, నాకు తెలియకుండానే చేతులు కట్టుకుని, ఎక్కడ ఏమవుతోందో మొత్తం చెప్పాను. మందు నాకు సరిపడింది, నిద్ర వచ్చింది. కానీ మాట మారినంత తేలిగ్గా అలవాటు మారదు. మా పక్క ఫ్లాట్ చెల్లెలు పెద్ద చదువు చదివి పెద్ద ఉద్యోగం చేస్తోంది. ఆగిపోయిన తర్వాత మళ్ళీ కనబడుతోందని మొన్న లిఫ్టులో గొంతు తగ్గించి చెప్పింది. "ఏం లేదక్కా, స్ట్రెస్ అంతే" అంది. అప్పటి వేడికి ఇప్పుడు స్ట్రెస్ అని పేరు పెట్టుకున్నాం. ఆమెది మా మతం కాదు, అయినా మీ ప్రార్థనలో నన్ను కూడా తలుచుకోండి అంది.

తలుచుకున్నాను. అంతా చెప్పి, ఆఖరి మాట చెప్పకుండా లేచాను. ఆ సంగతి వెంటనే వెళ్ళి ఆమెకు చెప్పాను కూడా. ముందు నవ్వింది, తర్వాత కోపం తెచ్చుకుంది, తర్వాత రేపటికి డాక్టరు దగ్గర టైము తీసుకుంది. రేపు పొద్దున ఇద్దరం కలిసి మెట్రో ఎక్కుతున్నాం. డాక్టరుకు ఏం చెప్పాలో హబ్సిగూడ వచ్చేలోపు ఆమెతో అప్పజెప్పించుకుంటాను. ఒక్క అక్షరం పోయినా మళ్ళీ మొదటి నుంచే.