పాత రూల్స్ కంఠతా వచ్చిన ఆంటీ

మా అమ్మాయి శ్రావ్య, దాని స్నేహితులు ప్రతి ఆదివారం మా హాల్లో కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట ఆడతారు. పోయిన ఏడాది ఒకరు తక్కువైతే నన్నూ కూర్చోబెట్టారు. ఏది మొదలుపెట్టినా పద్ధతిగా చేయడం నా అలవాటు. రూల్స్ పుస్తకం మొత్తం చదివి కంఠతా పట్టాను. ఆ తర్వాత ఎవరూ పుస్తకం తెరిచేవారు కాదు. "ఆంటీ, చీకట్ల బాణమేస్తే ఎట్ల?" అని నన్నే అడిగేవారు. శ్రావ్య ఉద్యోగానికి పోతే వారమంతా చప్పుడు లేని ఇంట్లో, నేను ఆ పిలుపు కోసం ఎదురుచూసేదాన్ని.

ఈ రోజు వాళ్లు రూల్స్ మార్చి వేసిన కొత్త ఎడిషన్‌కు మారారు. అలవాటుగా నేనొక రూల్ చెప్పగానే శ్రావ్య స్నేహితుడు కిరణ్ నవ్వాడు.

"ఆంటీ, గా రూల్ పాతది. కొత్త దాంట్ల గట్ల లేదు."

"పాతదానికేమైంది బిడ్డా? మంచిగనే ఉండె గద?"

"మంచిగనే ఉండె మమ్మీ," అంది శ్రావ్య. "కానీ కొత్తగ వచ్చెటోళ్లందరు గిదే నేర్చుకొని వస్తాండ్రు. పాతది ఆడుదామంటే మనుషులు దొరకాలె గద!"

ఆట చాలాసేపు సాగింది. సందేహం వచ్చినప్పుడల్లా అందరూ ఫోన్లలో వెతుక్కున్నారు. నన్నెవరూ అడగలేదు.

వాళ్లు వెళ్లాక చాయ్ గ్లాసులు కడిగి, శ్రావ్య కొన్న కొత్త రూల్స్ పుస్తకం మొదటి పేజీ తెరిచాను. వచ్చే ఆదివారానికి సగమైనా కంఠతా రావాలి. పాతదాన్ని మాత్రం అటక ఎక్కించలేదు. మా వరంగల్‌లో ఇంకా పాత ఎడిషన్ ఆడేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. పాచికలున్నాయి, చాయ్ నేను పెడతాను. మీరు రూల్స్ నన్ను అడిగితే చాలు.